ఖరీదైన పొయ్యి కొనే ముందు: మెరుపు కన్నా మంట ముఖ్యం

ఖుర్సీపార్ (భిలాయి, ఛత్తీస్‌గఢ్): గాజు పలక, నాలుగు బర్నర్లు, మీట తిప్పగానే దానంతట అదే వెలిగే మంట. దుకాణంలో ఇవి చూడముచ్చటగా ఉంటాయి. ఇంటికి తెచ్చాక పెనం మీద అట్టు నడుమ మాడి, అంచు పచ్చిగా మిగిలితే ఆ ఖర్చంతా వృథా అయినట్లే. రోజూ రెండు పూటలా వండుతూ, పండుగలకు ఇరవై మందికి భోజనం సిద్ధం చేసే కుటుంబానికి పొయ్యి అలంకార వస్తువు కాదు. పదేళ్లకు పైగా పనిచేయవలసిన పరికరం. ఒక నెల జీతంలో పెద్ద భాగాన్ని దానిపై వెచ్చించే ముందు పరిశీలించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ధర చీటీ మీద కనిపించవు.

భిలాయిలో తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన ప్రాంతాల్లో ఖుర్సీపార్ ఒకటి. సోవియట్ యూనియన్ సహకారంతో భిలాయి ఉక్కు కర్మాగారం నిర్మాణానికి 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపుల నుంచి విజయనగరం–రాయ్‌పూర్ రైలు మార్గంలో వచ్చిన కుటుంబాలు ఇక్కడే పాతుకుపోయాయి. వారి వెంట వంటలూ వచ్చాయి. దిబ్బరొట్టి, ఆవపెట్టిన కూర, బెల్లం పులుసు, సంక్రాంతి అరిసెలు ఒకవైపు; ఇక్కడి నేల నేర్పిన చీలా, ఫరా, ఠేఠరీ మరోవైపు. బొగ్గుల కుంపటి, కిరోసిన్ పొయ్యి కాలం దాటి గ్యాసుకు మారిన ఈ వంటిళ్లలో ఇప్పుడు మంచి పొయ్యి కొనుక్కోగల స్తోమత ఉన్న కుటుంబాలు పెరిగాయి. ఏది మంచి పొయ్యి అన్నదే మిగిలిన ప్రశ్న.

కొలిమి వద్ద పనిచేసిన వారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. ఇంధనం ఎంత, దానికి గాలి ఎంత, పుట్టిన వేడిలో ఎంత భాగం సరుకుకు చేరింది, ఎంత వృథాగా పోయింది అన్న లెక్క ఫర్నేసుకు ఎలా వర్తిస్తుందో వంటింటి పొయ్యికీ అలాగే వర్తిస్తుంది. ఆ లెక్క వేసి చూస్తే ఖరీదుకూ నాణ్యతకూ మధ్య ఉన్న తేడా స్పష్టమవుతుంది.

పెద్ద మంట ఏం చేస్తుంది?

బర్నరు శక్తిని కిలోవాట్లలో కొలుస్తారు. కొన్ని కంపెనీలు గంటకు ఎన్ని కిలోకేలరీలు అని రాస్తాయి. ఒక కిలోవాటు అంటే గంటకు సుమారు 860 కిలోకేలరీలు. అమెరికా తయారీ పొయ్యిలపై బీటీయూ అనే కొలమానం ఉంటుంది. 18,000 బీటీయూల బర్నరు అంటే దాదాపు 5.3 కిలోవాట్లు.

ఒక ఉదాహరణ చూద్దాం. అయిదు లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి మరిగే స్థాయికి తేవాలంటే సుమారు 0.44 కిలోవాట్ అవర్ల వేడి నీటిలోకి చేరాలి. పొయ్యి సామర్థ్యం 68 శాతం అనుకుంటే 2 కిలోవాట్ల బర్నరుకు ఇందుకు 19 నిమిషాలు పడుతుంది. 4 కిలోవాట్ల బర్నరుకు పది నిమిషాల లోపే సరిపోతుంది. రెండు సందర్భాల్లోనూ ఖర్చయ్యే గ్యాసు దాదాపు ఒక్కటే, సుమారు 50 గ్రాములు. పెద్ద బర్నరు ఎక్కువ గ్యాసు తాగుతుందన్న నమ్మకం అన్నివేళలా నిజం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. మంట పాత్ర అడుగును దాటి పక్కలకు ఎగబాకినప్పుడే వృథా మొదలవుతుంది. చిన్న గిన్నెను పెద్ద బర్నరుపై పెట్టి పూర్తిగా తెరవడమే అసలు దుబారా.

పెద్ద మంట విలువ వేపుడు వంటల్లో తెలుస్తుంది. గారెలకు నూనె 170 నుంచి 180 డిగ్రీల మధ్య ఉండాలి. చల్లని పిండి నూనెలో పడగానే ఉష్ణోగ్రత పడిపోతుంది. అది తిరిగి త్వరగా పుంజుకోకపోతే గారె నూనె పీల్చుకుని మెత్తబడుతుంది. లోతైన బూరెల మూకుడు, పెద్ద బాణలి, ఇరవై మందికి సరిపడే అన్నపు గిన్నె వాడే ఇంటికి 3.5 నుంచి 4.5 కిలోవాట్ల బర్నరు ఒక్కటి ఉంటే చాలు. నాలుగు బర్నర్లూ పెద్దవే కావలసిన అవసరం ఏ ఇంటికీ అరుదుగా తప్ప రాదు.

సిమ్‌లోనే అసలు పరీక్ష

కొనేవారు ఎక్కువగా అడిగేది గరిష్ఠ మంట గురించి. వంట తెలిసిన చేతికి అంతకన్నా ముఖ్యమైనది కనిష్ఠ మంట. దిబ్బరొట్టి మందపాటి మూకుడులో మూతపెట్టి అరగంట సన్నని సెగపై ఉడకాలి. అడుగు ఎర్రగా కరకరలాడాలి, మాడకూడదు. అరిసెల పాకం ముదరడానికీ సరిగా రావడానికీ మధ్య వ్యవధి చాలా తక్కువ. పాలు మీగడ కట్టాలన్నా, పప్పు అడుగంటకుండా ఉండాలన్నా, పులుసు చిక్కబడాలన్నా నిలకడైన చిన్న మంటే ఆధారం.

పెద్ద బర్నరులో ఈ గుణం సులువుగా రాదు. 4 కిలోవాట్ల బర్నరును సిమ్‌లో పెట్టినా ఒక కిలోవాటు దగ్గరే ఆగిపోతే దానిపై పాకం పట్టడం కష్టం. అందుకే మేలైన పొయ్యిలలో లోపలి వలయానికీ బయటి వలయానికీ వేర్వేరుగా గ్యాసు అందే ఏర్పాటు ఉంటుంది. అవసరమైనప్పుడు లోపలి చిన్న వలయం మాత్రమే వెలుగుతుంది. అలాంటి ఏర్పాటు లేకుంటే ఒక పెద్ద బర్నరు, రెండు మధ్యరకం బర్నర్లు, ఒక చిన్న బర్నరు ఉన్న పొయ్యిని ఎంచుకోవడం మేలు. గరిష్ఠ శక్తితో పాటు కనిష్ఠ శక్తిని కూడా రాసిచ్చే కంపెనీని నమ్మవచ్చు.

మంట పరచుకునే తీరు మూడో అంశం. అట్టుకు, పెసరట్టుకు, బియ్యప్పిండి చీలాకు పెనమంతా సమంగా వేడెక్కాలి. ఒకే చిన్న వలయం ఉన్న బర్నరుపై 30 సెంటీమీటర్ల పెనం పెడితే నడుమ వేడి పోగుపడుతుంది. వెడల్పాటి వలయం గానీ, రెండు మూడు వలయాలు గానీ ఉన్న బర్నరు ఇందుకు తగినది. మందమైన పోత ఇనుప పెనం ఈ లోపాన్ని కొంత సరిదిద్దుతుంది. పల్చని పెనం మరింత పెంచుతుంది.

ముందు పాత్రలు, తరువాత పొయ్యి

పొయ్యి కొనడానికి వెళ్లేముందు ఇంట్లోని పాత్రలను వరుసగా పెట్టి కొలవడం ఉత్తమం. పెనం వ్యాసం, కుక్కరు వ్యాసం, పండుగకు దించే పెద్ద గిన్నె వ్యాసం ఒక కాగితంపై రాసుకోవాలి. ఈ పాత్రలలో ఏవి ఒకేసారి పొయ్యిపై ఉంటాయో గుర్తు చేసుకోవాలి. నాలుగు బర్నర్ల పొయ్యి అయినా వాటి మధ్య ఎడం చాలకపోతే పెద్ద పెనం, పెద్ద కుక్కరు పక్కపక్కన పట్టవు. అప్పుడు అది నాలుగు బర్నర్ల ధరకు కొన్న రెండు బర్నర్ల పొయ్యి అవుతుంది. చాలా ఇళ్లకు విశాలమైన మూడు బర్నర్ల పొయ్యి, ఇరుకైన నాలుగు బర్నర్ల దానికన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది.

పాత్రను మోసే ఇనుప స్టాండు కూడా గమనించదగినదే. గుండ్రటి అడుగున్న మూకుడు కదలకుండా నిలవాలి. నిండు గిన్నె బరువుకు స్టాండు వంగకూడదు. పోత ఇనుప స్టాండ్లు బరువుగా ఉన్నా ఏళ్ల తరబడి మన్నుతాయి. పల్చటి కడ్డీలతో చేసినవి వేడికి వంకరపోయే అవకాశం ఎక్కువ.

బర్నరు, జెట్టు, గాలి

గ్యాసు పొయ్యిలో మంట పుట్టే తీరు సరళమైనది. సిలిండర్‌పై ఉండే రెగ్యులేటరు గ్యాసు పీడనాన్ని సుమారు 30 మిల్లీబార్లకు తగ్గిస్తుంది. ఆ గ్యాసు జెట్టులోని సన్నని రంధ్రం గుండా వేగంగా వెలువడుతూ చుట్టూ ఉన్న గాలిని తనతోపాటు గొట్టంలోకి లాక్కుంటుంది. రెండూ కలిసి బర్నరు రంధ్రాల వద్ద మండుతాయి. గాలి తగినంత కలిస్తే మంట నీలంగా, పదునుగా ఉంటుంది. గాలి చాలకపోతే పసుపుపచ్చగా సాగి పాత్ర అడుగున మసి పడుతుంది. పసుపు మంట అంటే ఇంధనం పూర్తిగా మండడం లేదని అర్థం. కార్బన్ మోనాక్సైడ్ వెలువడే ప్రమాదం కూడా అప్పుడే ఎక్కువ.

ఇత్తడి బర్నర్లకు ధర ఎక్కువ. వేడికి అవి త్వరగా పాడవవు, రంధ్రాల ఆకారం చెడదు, పొంగిన పాలు, పులుసు పడినా కడిగి తిరిగి వాడుకోవచ్చు. అల్యూమినియం మిశ్రమంతో చేసినవి తేలికగా, చౌకగా ఉంటాయి గానీ ఎక్కువ వేడికి అంత కాలం నిలవవు. బర్నరును చేత్తో పట్టి చూస్తే బరువులోనే తేడా తెలుస్తుంది. విడి భాగాలుగా ఊడదీసి శుభ్రం చేయగలిగే బర్నరే ఇంట్లో పనికొస్తుంది.

సామర్థ్యం విషయంలో నమ్మదగిన ఆధారం భారతీయ ప్రమాణమే. ఇంటి వాడకపు ఎల్పీజీ పొయ్యిలకు ఐఎస్ 4246 ప్రమాణం ప్రకారం కనీస ఉష్ణ సామర్థ్యం 68 శాతం ఉండాలి. ఐఎస్‌ఐ గుర్తు లేని పొయ్యిని, అది ఎంత ఖరీదైనదైనా, కొనకపోవడమే శ్రేయస్కరం. అంతకుమించిన సామర్థ్యం ఉన్న పొయ్యిలను బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఇచ్చే నక్షత్రాల లేబుల్‌తో పోల్చుకోవచ్చు. 68 శాతం పొయ్యిపై 30 రోజులు వచ్చే సిలిండర్, 74 శాతం పొయ్యిపై అదే వంటకు 32 రోజులు దాటి వస్తుంది. ఏడాదికి ఇది దాదాపు ఒక సిలిండర్ ఆదా.

పైపు ద్వారా వచ్చే సహజవాయువుకు జెట్టు వేరు. ఒకే పరిమాణంలో సహజవాయువు ఇచ్చే వేడి ఎల్పీజీ కన్నా తక్కువ. అందువల్ల దానికి పెద్ద రంధ్రం కావాలి. ముందుముందు పైపు గ్యాసు రావచ్చనుకునే కాలనీలో ఉన్నవారు, జెట్లు మార్చే వీలుందా, మార్పిడి కిట్టు కంపెనీ వద్ద దొరుకుతుందా అని అడిగి తెలుసుకోవాలి. జెట్టు రంధ్రాన్ని సూదితో పొడిచి పెద్దది చేయడం ప్రమాదకరం.

గాజా, ఉక్కా?

గట్టిపరచిన గాజు పలక శుభ్రం చేయడానికి సులువు. అయితే అంచుకు దెబ్బ తగిలినా, పెద్ద పాత్ర కింద వేడి చిక్కుకుపోయినా, కాలిన గాజుపై చన్నీళ్లు పడినా పగిలే అవకాశం ఉంది. పగిలినప్పుడు అది ఒక్కసారిగా చిన్న చిన్న ముక్కలవుతుంది. బరువైన గిన్నెలను లాగి దించే వంటింటికి, పెద్ద మూకుడు ఎక్కువగా వాడే ఇంటికి స్టెయిన్‌లెస్ ఉక్కు పలక నమ్మకమైనది.

ఉక్కులోనూ రకాలు ఉన్నాయి. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. ఉప్పు, చింతపండు పులుపు తగిలినా అది త్వరగా తుప్పు పట్టదు. నికెల్ తక్కువగా ఉండే చౌక రకాలు కొన్నేళ్లకే మచ్చలు పడతాయి. భిలాయి కర్మాగారం పట్టాలకూ ఉక్కు పలకలకూ పేరొందింది గానీ వంటింటి స్టెయిన్‌లెస్ ఉక్కు అక్కడ తయారు కాదు. సెయిల్ సంస్థలో ఆ పని సేలం కర్మాగారానిది. ఉక్కు ఊరి కొనుగోలుదారుకు మాత్రం ఒక అలవాటు ఉపయోగపడుతుంది: పలక మందం ఎంత, ఏ రకం ఉక్కు అని అడగడం. నాలుగు మూలలా నొక్కి చూసినప్పుడు పలక లోపలికి వంగకూడదు.

భద్రతకు పెట్టే ధర

ఖరీదైన పొయ్యిలో నిజంగా డబ్బు పెట్టదగిన అంశం ఒకటి ఉంది. అది మంట ఆరిపోతే గ్యాసును దానంతట అదే ఆపే పరికరం. బర్నరు పక్కన చిన్న లోహపు ములికి ఒకటి మంటలో ఉంటుంది. వేడి తగిలినంతసేపు అందులో స్వల్ప విద్యుత్తు పుట్టి, ఒక అయస్కాంతం ద్వారా గ్యాసు కవాటాన్ని తెరిచి ఉంచుతుంది. పాలు పొంగో, గాలి వీచో మంట ఆరితే ములికి చల్లబడుతుంది, స్ప్రింగు కవాటాన్ని మూసేస్తుంది. దీనికి బయటి విద్యుత్తు అవసరం లేదు. అరలో అమర్చే పొయ్యిలలో ఇది తరచుగా కనిపిస్తుంది. గట్టు మీద పెట్టుకునే పొయ్యిలు చాలావాటిలో ఉండదు. మతిమరుపు మొదలైన పెద్దలు ఒంటరిగా వండుకునే ఇంట్లో అదనపు బర్నరుకన్నా ఈ పరికరమే ముఖ్యం.

ఎల్పీజీ గాలికన్నా బరువైనది. కారినప్పుడు పైకి పోక నేల మీద, అరల అడుగున పేరుకుంటుంది. గట్టు కింద మూసిన అరలో సిలిండర్ పెట్టేవారు అర అడుగు భాగాన గాలి ఆడే రంధ్రాలు తప్పక ఉంచాలి. సిలిండర్ నిటారుగా, పొయ్యికన్నా దిగువన ఉండాలి. ఐఎస్‌ఐ గుర్తున్న సురక్షా గొట్టాన్నే వాడి, అయిదేళ్లకొకసారి మార్చాలి. వేల రూపాయల పొయ్యికి పాత గొట్టాన్నే తగిలించడం తరచుగా జరిగే పొరపాటు. వాసన వస్తే స్విచ్చులు వేయకుండా, తీయకుండా, రెగ్యులేటరు కట్టివేసి, తలుపులు తెరచి 1906 నంబరుకు ఫోన్ చేయాలి. ఇంటి బయటికి వెళ్లి ఫోన్ చేయడం మరింత క్షేమం.

హోటళ్లలో కనిపించే అధిక పీడనపు బర్నర్లను ఇంటి సిలిండర్‌కు తగిలించడం ఎంతమాత్రం తగదు. ఆ బర్నర్ల రెగ్యులేటర్లు, గొట్టాలు, గాలి ఏర్పాట్లు అన్నీ వేరు.

ఇండక్షన్‌తో పోలిక

మంచి పొయ్యి అంటే గ్యాసుదే కానక్కరలేదు. ఇండక్షన్ పొయ్యి పాత్ర అడుగులోనే వేడి పుట్టిస్తుంది. దాని సామర్థ్యం 85 శాతం దరిదాపుల్లో ఉంటుంది. మే నెలలో 42 డిగ్రీలు దాటే భిలాయిలో ఈ తేడా ఒంటికే తెలుస్తుంది. మొత్తం 4 కిలోవాట్ల మంటతో రెండు గ్యాసు బర్నర్లు వెలుగుతుంటే పాత్రకు చేరక వంటింట్లోకి పోయే వేడి సుమారు 1.3 కిలోవాట్లు. అంటే ఎండాకాలంలో గదిలో హీటరు పెట్టుకున్నట్లే. అదే వంటను ఇండక్షన్‌పై చేస్తే వృథా వేడి అర కిలోవాటు దగ్గరే ఉంటుంది.

ఖర్చును పోల్చడానికి ఒక తేలిక లెక్క ఉంది. 14.2 కిలోల సిలిండర్‌లో సుమారు 181 కిలోవాట్ అవర్ల వేడి ఉంటుంది. 68 శాతం సామర్థ్యంతో అందులో పాత్రకు చేరేది 123. ఇండక్షన్‌పై అంత వేడి ఇవ్వడానికి దాదాపు 145 యూనిట్ల విద్యుత్తు కావాలి. కరెంటు బిల్లులో తమకు పడే చివరి స్లాబు ధరను 145తో గుణించి, సిలిండర్ ధరతో పోల్చుకుంటే తమ ఇంటికి ఏది చౌకో ఎవరికి వారే తేల్చుకోవచ్చు. ధరలు మారినప్పుడల్లా లెక్క మళ్లీ వేసుకోవచ్చు.

పరిమితులు కూడా ఉన్నాయి. ఇండక్షన్‌కు అయస్కాంతం అంటుకునే చదునైన అడుగు కావాలి. అల్యూమినియం, ఇత్తడి, రాగి పాత్రలు, రాచ్చిప్ప, మట్టి పిడత దానిపై పనిచేయవు. గుండ్రటి మూకుడు సరిగా ఆనదు. వైరింగు మరో ప్రశ్న. 2 కిలోవాట్ల పొయ్యికి 230 వోల్టుల వద్ద దాదాపు 9 ఆంపియర్లు కావాలి. మంచి 16 ఆంపియర్ల సాకెట్టు చాలు. నాలుగు స్థానాలున్న 7 కిలోవాట్ల ఇండక్షన్ పలకకు మాత్రం 30 ఆంపియర్లకు పైగా అవసరం. పాత క్వార్టర్ల వైరింగు దానికి సరిపోతుందో లేదో ఎలక్ట్రీషియన్ చూసి చెప్పాలి. కరెంటు పోయినప్పుడు వంట ఆగకుండా ఉండాలంటే మూడు బర్నర్ల మంచి గ్యాసు పొయ్యి, పక్కన ఒక ఇండక్షన్ పొయ్యి ఉన్న ఏర్పాటు చాలా కుటుంబాలకు సరైన మధ్యేమార్గం. పాలు, టీ, కుక్కరు దానిపై; అట్లు, వేపుళ్లు, పాకాలు దీనిపై.

విదేశీ రేంజీల ఆకర్షణ

అమెరికాలో పిల్లలున్న ఇళ్లవారు అక్కడి భారీ వంట రేంజీలను చూసి ముచ్చటపడటం సహజం. వాటిలో ఒక్కొక్క బర్నరు 15,000 నుంచి 25,000 బీటీయూల వరకు ఉంటుంది. అలాంటివి నాలుగు కలిసి 20 కిలోవాట్ల వద్ద మండితే గంటకు కిలోన్నర గ్యాసు కావాలి. సిలిండర్‌లోని ద్రవం ఆవిరి కావడానికి తన చుట్టుపక్కల నుంచే వేడి తీసుకుంటుంది. వాడకం ఒక హద్దు దాటితే సిలిండర్ చల్లబడి, పీడనం తగ్గి, మంట నీరసిస్తుంది. ఇంటి సిలిండర్ ఒకటి అంత వేగంగా నిరంతరం గ్యాసు ఇవ్వలేదు. కాబట్టి ఆ శక్తి కాగితంపైనే మిగిలిపోతుంది.

దిగుమతి పొయ్యిల విషయంలో మరికొన్ని చిక్కులు ఉన్నాయి. వాటి జెట్లు ఆ దేశపు గ్యాసుకు, పీడనానికి తగినట్లు ఉంటాయి. అమెరికా రేంజీల వెలిగించే పరికరం, ఓవెను 120 వోల్టులకు చేసినవి. ఇక్కడి సరఫరా 230 వోల్టులు. విడిభాగం ఒకటి పాడైతే నెలల తరబడి పొయ్యి మూలపడవచ్చు. కేకులు, బ్రెడ్డు తరచుగా చేయని ఇంటికి ఓవెను ఉన్న రేంజీ అవసరం కూడా అంతగా ఉండదు. విడిగా ఒక విద్యుత్ ఓవెను ఆ పని చేస్తుంది.

ఇల్లు ఎవరిది?

ఉక్కు పట్టణంలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బరువు ఉంది. గట్టు రాతిని కోసి అందులో అమర్చే పొయ్యి చూడటానికి సొంపుగా ఉంటుంది. సంస్థ కేటాయించిన క్వార్టరులో ఉండేవారు గట్టు కోయడానికి అనుమతి కావాలేమో ముందుగా తెలుసుకోవాలి. ఉద్యోగ విరమణ తరువాత ఇల్లు మారితే కోసిన రాయి అక్కడే మిగిలిపోతుంది. కొత్త ఇంటి గట్టుకు ఆ కొలత సరిపోకపోవచ్చు. అలాంటి కుటుంబాలకు గట్టు మీద పెట్టుకునే మేలిరకం పొయ్యి తగినది. సొంత ఇల్లు కట్టుకుంటున్నవారు గట్టు వేయక ముందే పొయ్యి కొలతలు, గ్యాసు గొట్టం దారి, సాకెట్టు చోటు నిర్ణయించుకుంటే తరువాత పగలగొట్టే పని ఉండదు.

గాలి ఏర్పాటుకు కేటాయించే సొమ్మును పొయ్యి ఖర్చులో భాగంగానే చూడాలి. గ్యాసు మండినప్పుడు నైట్రోజన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో అది 10 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. పోపు ఘాటు, నూనె పొగ దీనికి తోడవుతాయి. మంట ఎంత పెద్దదైతే పొగ బయటికి పోయే దారి అంత బాగుండాలి. పొగను వడగట్టి తిరిగి గదిలోకే వదిలే చిమ్నీకన్నా, గొట్టం ద్వారా బయటికి పంపేది మేలు. కిటికీ, దానికి ఎగువన ఎగ్జాస్ట్ ఫ్యాను ఉన్నా చాలావరకు పని జరుగుతుంది. చిన్న వంటింట్లో చిమ్నీ లేని అయిదు బర్నర్ల పొయ్యికన్నా, మంచి ఎగ్జాస్ట్ ఉన్న మూడు బర్నర్ల పొయ్యి ఆరోగ్యకరం.

దుకాణంలో అడగవలసినవి

పాత్రల కొలతల కాగితం, వీలైతే రోజూ వాడే పెనం వెంట తీసుకెళ్లాలి. పెనాన్ని స్టాండుపై పెట్టి చూడాలి. పక్క బర్నరుపై కుక్కరు పట్టే చోటు మిగిలిందో లేదో చూడాలి. ప్రతి బర్నరు గరిష్ఠ, కనిష్ఠ శక్తి ఎంతో రాతపూర్వకంగా అడగాలి. ఐఎస్‌ఐ గుర్తు, నక్షత్రాల లేబుల్ పొయ్యిపైనే ఉన్నాయో లేదో పరిశీలించాలి. ప్రచార పత్రంలోని మాట సరిపోదు. మంట ఆరితే గ్యాసు ఆగే పరికరం అన్ని బర్నర్లకూ ఉందా, ఒకదానికేనా అన్నది తెలుసుకోవాలి. వెలిగించి చూపే ఏర్పాటు ఉన్న దుకాణమైతే సిమ్‌లో పెట్టి ఒక నిమిషం గమనించాలి. మంట వణకకుండా, వలయమంతా నీలంగా, ఎక్కడా తెగకుండా ఉండాలి.

చివరిగా అడగవలసింది మరమ్మతు గురించి. భిలాయి, దుర్గ్ ప్రాంతంలో కంపెనీ సర్వీసు కేంద్రం ఉందా, బర్నరు మూత, మీట, వెలిగించే పరికరం వంటి విడిభాగాలు ఇక్కడే దొరుకుతాయా, గాజుకు ఎన్నేళ్ల హామీ, బర్నరుకు ఎన్నేళ్ల హామీ అన్నవి బిల్లుపై రాయించుకోవాలి. రాయ్‌పూర్ నుంచో నాగ్‌పూర్ నుంచో మనిషి రావలసిన పొయ్యి ఎంత గొప్పదైనా పండుగ ముందు రోజు ఆదుకోదు.

ఈ ప్రశ్నలన్నింటికీ జవాబు దొరికాక మిగిలేది ధర. ముందు నిలకడైన సిమ్‌కు, తరువాత ఆరిన మంటను పసిగట్టే కవాటానికి, ఆపైన ఇత్తడి బర్నర్లకు, మందమైన పలకకు డబ్బు కేటాయించడం మంచి క్రమం. అదనపు బర్నర్లు, రంగు, గాజు మెరుపు ఆ తరువాతివి. కొనే రోజున వంట చేసే చేతులను దుకాణానికి వెంట తీసుకెళ్లడం అన్నిటికన్నా అవసరం. మీట తిప్పి, పెనం పెట్టి, మంట తగ్గించి చూసి ఆ చేతులు సరేనన్న పొయ్యే ఆ ఇంటికి తగినది.